సర్కారు జీతం తీసుకునే జడ్జి సర్కారుకు వ్యతిరేకంగా తీర్పిస్తారా? అపోహలు - వాస్తవాలు

మూసీ ఒడ్డున ఉన్న మన తెలంగాణ హైకోర్టులో రిట్లు, అంటే ప్రభుత్వ చర్యలను సవాలు చేసే పిటిషన్లు, వేసే వకీలుగా నేను తరచుగా వినే మొదటి అనుమానం ఇదే. "జీతమిచ్చేది సర్కారే కద సార్, వాళ్ల మీద ఎట్ల రాస్తరు?" అని వకాలత్‌పై సంతకం పెడుతూనే ఒక పెద్దాయన అడిగారు. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ ఆదాయమంతా చేరే ప్రధాన ఖాతా) నుంచి నేరుగా చెల్లించవలసిన వ్యయం కనుక, వాటిపై శాసనసభలో చర్చ జరగవచ్చునేమో గానీ ఓటింగు ఉండదు. నియామకం తర్వాత సెలవు, పింఛను హక్కులను వారికి నష్టం కలిగేలా మార్చడానికీ వీల్లేదు. విధి నిర్వహణలో వారి ప్రవర్తనను శాసనసభలో చర్చించడాన్ని రాజ్యాంగంలోని 211వ అధికరణం నిషేధిస్తుంది.

నచ్చని జడ్జిని సర్కారు తొలగించవచ్చన్న మాటా నిజం కాదు. అందుకు పార్లమెంటు ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది మద్దతు కావాలి. 1993లో అలాంటి తీర్మానం లోక్‌సభలోనే వీగిపోయింది.

కేసు గెలిస్తే సర్కారు ఓడినట్టేనన్నది మరింత బలమైన అపోహ. కూల్చివేత నోటీసును హైకోర్టు కొట్టివేసిన రోజు ఒక కక్షిదారు మిఠాయి డబ్బాతో నా ఆఫీసుకు వచ్చారు. ఆర్డరులో చివరి పేరా చదివి వినిపించాను: వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వలేదు కనుక నోటీసు చెల్లదు, చట్టప్రకారం మళ్లీ చర్య తీసుకోవచ్చు. డబ్బా మూత తెరవకుండానే ఆయన కూర్చుండిపోయారు. హైకోర్టుకు రిట్ల అధికారమిచ్చే 226వ అధికరణం కింద కోర్టు సాధారణంగా చూసేది అధికారి చట్టం గీసిన గీతలో ఉన్నాడా లేదా అన్నదే. అధికారి కుర్చీలో తాను కూర్చోదు.

ఇక రాజ్యాంగంలో రాసి ఉంది గనుక స్వతంత్రతకు ఢోకా లేదనుకోవడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 ఆధిక్యంతో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని తేల్చింది. ఆ ఏడుగురిలో, ఇక్కడి హైకోర్టులో పనిచేసిన పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. ఆ వెంటనే ఆ ఏడుగురిలోని షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను పక్కనబెట్టి, వారికన్నా జూనియర్ అయిన ఎ.ఎన్. రేను ప్రభుత్వం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఎవరి జీతమూ తగ్గలేదు, ఎవరినీ తొలగించలేదు, ఏ అధికరణాన్నీ మార్చలేదు. దాటివేసింది అందరికన్నా సీనియర్‌నే ప్రధాన న్యాయమూర్తిని చేసే ఆనవాయితీని మాత్రమే. అది రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. ముగ్గురూ రాజీనామా చేశారు.