సెల్ఫ్ తీసుకోకపోతే, బ్యాటరీ షాపుకు ఫోన్ చేసే ముందు

విజయవాడ

పిల్లలూ,

మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు. మొన్న మంగళవారం పొద్దున్న ఆరున్నరకి హైదరాబాదు నుంచి అమ్మడు ఫోన్ చేసింది. సెల్లారులో కారు దగ్గర నిలబడి ఉంది, ఆఫీసులో మీటింగు ఉందట, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "తాతయ్యా, సెల్ఫ్ తీసుకోవట్లేదు, బ్యాటరీ పోయిందంటున్నారు, కొత్తది తెప్పించేయనా?" అంది. ఆ కారుకి కొత్త బ్యాటరీ వేయించి పది నెలలే అయింది. దానికి ముందుది కూడా రెండేళ్ళు నిండకుండానే పోయింది. ఏడాది తిరక్కుండా ఒకే కారులో రెండు బ్యాటరీలు పోయాయంటే నాకు బ్యాటరీ మీద అనుమానం రాదు, దాన్ని ఏదో తినేస్తోంది అనిపిస్తుంది. అదేమిటో కనుక్కోకుండా మూడోది వేస్తే మూడోదీ పోతుంది. ఆ పొద్దున్న ఫోన్లో, మళ్ళీ సాయంత్రం వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి వెతికాం, దొరికింది. ఆటోనగర్‌లో 34 ఏళ్ళు కార్ల వైరింగు పని చేశాను, ఈ వెతకడం ఎలాగో మీ ఆరుగురికీ ఒకేసారి చెప్పేస్తే బాగుంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు వినండి. తాళం తిప్పగానే, లేదా బటన్ నొక్కగానే, ఏ చప్పుడు వచ్చిందో అదే సగం జవాబు. టకటకటకా అని వరసగా కొట్టుకుంటూ, మీటర్ బోర్డు మీద లైట్లు మసకబారితే బ్యాటరీలో దమ్ము లేదని, లేదా దమ్మున్నా అది మోటారు దాకా చేరడం లేదని. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఊరుకుని, లైట్లు మాత్రం ధగధగ వెలుగుతుంటే సెల్ఫ్ మోటారునో దాని సొలినాయిడ్‌నో (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి అది) అనుమానించాలి. అసలు చప్పుడే లేకుండా లైట్లు బాగానే ఉంటే, కొన్ని కార్లు క్లచ్ పూర్తిగా తొక్కందే సెల్ఫ్ ఇవ్వవు, ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కి లివర్ పార్క్‌లో ఉండాలి, ముందు అవి చూసుకోండి. ఇంజను గిరగిరా బాగానే తిరుగుతూ అందుకోకపోతే అది పెట్రోలు గొడవో స్పార్కు గొడవో అయ్యుంటుంది, బ్యాటరీ జోలికి వెళ్ళకండి. ఇలా ఇంజను చక్కగా తిరుగుతున్న కార్లకి కూడా బ్యాటరీ మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను, ప్రతిసారీ బాధేసేది.

అమ్మడి కారు టకటకా అంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నాను. లైట్లు దాదాపు ఆరిపోయాయట. సరే, బానెట్ ఎత్తమన్నాను.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. బ్యాటరీ కనపడగానే దాని మీద పడకుండా రెండు టెర్మినళ్ళనీ చూడండి. తెల్లగానో పచ్చగానో పిండిలా పట్టి ఉందా? క్లాంపుని చేత్తో తిప్పితే కదులుతోందా? కదలకూడదు. సెల్ఫ్ మోటారు తిరిగే ఆ రెండు మూడు సెకన్లలో చిన్న కారుకైనా వంద యాంపియర్ల పైనే కరెంటు కావాలి. వదులుగా ఉన్న క్లాంపు, పిండి పట్టిన టెర్మినల్ లైట్లకి సరిపోయేంత కరెంటు ఇస్తాయి కానీ సెల్ఫ్‌కి ఇవ్వలేవు. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పిండి బుసబుసా పొంగి వదిలిపోతుంది (ముందు క్లాంపులు విప్పాలి, ఎలా విప్పాలో కింద రాస్తాను). తుడిచి, గట్టిగా బిగించి, పైన కొంచెం వాజలీన్ రాస్తే మళ్ళీ త్వరగా పట్టదు. నా షెడ్డుకి 'బ్యాటరీ పోయింది' అని వచ్చిన బళ్ళలో ఎన్నో ఈ ఒక్క పనితో స్టార్టయి వెళ్ళిపోయేవి.

ఇక పోయిన సంక్రాంతికి మీకు తలా ఒక మల్టీమీటరు ఇచ్చానే, అది అల్మారాలో కాదు, కారులో ఉండాలి. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించండి. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం కానీ లోపల ఆరు గదులుంటాయి, ఒక్కో గదీ 2.1 వోల్టుల చొప్పున ఇస్తుంది. అందుకే రాత్రంతా ఆగి ఉన్న కారులో నిండు బ్యాటరీ 12.6 పైన చూపిస్తుంది. 12.4 ఉంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు, ఆ కిందకి దిగితే ఖాళీ కిందే లెక్క. ఇప్పుడే తిరిగొచ్చిన కారుని కొలిస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది, కొన్ని గంటలు ఆగాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా ఒకరు మీటరు చూడాలి, 12.5 ఉన్నది కాస్తా తొమ్మిదికో ఎనిమిదికో పడిపోతే ఆ బ్యాటరీ ముసలిదైపోయినట్టే. ఇంజను ఆన్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అక్కడా 12 దగ్గరే ఆగిపోతే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం (పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు, మా ఆటోనగర్‌లో అందరికీ డైనమోనే), అప్పుడు ఎంత కొత్త బ్యాటరీ వేసినా సాయంత్రానికి మళ్ళీ అదే పరిస్థితి. నడుస్తుండగా బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగితే అది కూడా బ్యాటరీ గురించి కాదు, ఛార్జింగ్ గురించి చెప్పే మాట.

అమ్మడి మీటరు 11.6 చూపించింది. పక్క ఫ్లాటాయన పాపం కారు తెచ్చి పక్కన పెట్టాడు, జంపర్ కేబుళ్ళు కూడా ఆయనవే. వరస ఇది: ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ కారు ఇంజను మీద బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనప భాగానికి. చివరి కొస ఆనించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తూ ఉంటుంది, రవ్వ దాని పక్కనే పడితే బ్యాటరీ పేలిపోవచ్చు, అందుకే దూరంగా పెట్టడం. స్టార్టయ్యాక తీసేటప్పుడు వెనక నుంచి ముందుకి, పెట్టిన వరస తిరగేయాలి. హైవే మీద ఆగిపోయారని లారీ వాళ్ళని మాత్రం జంప్ అడగకండి, లారీల్లో 24 వోల్టులుంటుంది, మీ కారు కంప్యూటర్లు కాలిపోతాయి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కోడిగుడ్డు కుళ్ళిన వాసన వచ్చినా అస్సలు ముట్టుకోవద్దు.

చికాగోలో ఉన్న బాబూ, నీకు ఇంకొకటి. అక్కడ చలికి ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి బరువెక్కువవుతుంది, అదే సమయంలో బ్యాటరీలో రసాయనం మందగిస్తుంది. అందుకే మీ దగ్గర బ్యాటరీ మీద సీసీఏ అని అంకె వేస్తారు, మైనస్ 18 డిగ్రీల్లో 30 సెకన్ల పాటు ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. ఖాళీ అయిన బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే కాబట్టి గడ్డకడుతుంది కూడా. గడ్డకట్టిన దానికి జంప్ పెట్టకూడదు. మన విజయవాడలో చంపేది చలి కాదు, రోహిణి కార్తె ఎండ. ఆ వేడికి లోపల ప్లేట్లు త్వరగా తినేసుకుపోతాయి, నీళ్ళు ఆవిరవుతాయి. దెబ్బ మేలో తగిలితే అది బయటపడేది డిసెంబరు పొద్దుటి చలిలో.

అమ్మడి కారు స్టార్టయింది, మీటరు 14.2 చూపించింది, అంటే డైనమో మంచిదే. మరి కరెంటు ఎక్కడికి పోతోంది? సాయంత్రం కారు ఆపి తాళం తీశాక చీకట్లో లోపల ఏదైనా వెలుగుతోందా చూడమన్నాను. "అద్దం వెనక కెమెరాకి నీలం లైటు మిణుకుమిణుకు మంటోంది" అంది. ఏడాదిన్నర క్రితం ఒక యాక్సెసరీస్ షాపులో పెట్టించిన డ్యాష్‌కామ్ అది. తాళం తీస్తే ఆగే ఫ్యూజుకి కాకుండా, ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకి కలిపేశారు. అనుమానం ఒక్కటే సరిపోదు కదా, కొలవాలి. మీటరుని 10 యాంపియర్ల మీద పెట్టి, ఎర్ర వైరుని కూడా మీటరులో 10ఏ రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పి, క్లాంపుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టించాను. తలుపులు మూసి, తాళం దూరంగా పెట్టి అరగంట ఆగాలి, కారులో కంప్యూటర్లు నిద్రపోవాలి కాబట్టి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. 0.27 యాంపియర్ చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కారు 0.05 దాటకూడదు. కెమెరా ఫ్యూజు లాగగానే 0.02కి పడిపోయింది. అప్పుడు అమ్మడి ముఖం చూడాలి మీరు!

లెక్క వేసుకోండి. దాని బ్యాటరీ 35 యాంపియర్ అవర్, అంటే సుమారుగా ఒక యాంపియర్ చొప్పున వాడితే 35 గంటలు వస్తుంది. శుక్రవారం సాయంత్రం కారు పెట్టి మంగళవారం పొద్దున్న తీసింది, 84 గంటలు. 84ని 0.27తో గుణిస్తే దాదాపు 23 యాంపియర్ అవర్లు, అంటే ఉన్న 35లో మూడింట రెండొంతులు కెమెరా దారిలో పోయాయి. ఇంట్లోంచి పని చేసే వారాల్లో ప్రతిసారీ ఇదే జరిగింది. ఇలా మళ్ళీ మళ్ళీ ఖాళీ అయితే వచ్చే నష్టం ఆ ఒక్క పొద్దుటితో పోదు. ఖాళీగా ఉన్నప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, వెంటనే ఛార్జింగ్ ఎక్కితే కరిగిపోతుంది, రోజుల తరబడి అలాగే ఉంటే గట్టిపడి రాయిలా అయిపోతుంది, ఆ మేర ప్లేటు ఇక పనికిరాదు. కారు బ్యాటరీ ప్లేట్లు పలచనివి, ఒక్క ఊపులో ఎక్కువ కరెంటు ఇచ్చి వెంటనే మళ్ళీ నిండటానికి చేసినవి, ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీలా నెమ్మదిగా అడుగంటా వాడుకోవడానికి కాదు. షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి లోడ్ టెస్టరుతో (సెల్ఫ్ కొట్టినట్టు ఎక్కువ కరెంటు లాగి చూసే మీటరు) చూస్తే తట్టుకోలేకపోయింది, మార్చక తప్పలేదు. కానీ ఈసారి కారణం తెలిసి మార్చాం.

మార్చడం అమ్మడే చేసింది. పది నంబరు పానా ఒక్కటి చాలు. చేతికి ఉంగరాలు, గాజులు, లోహపు వాచీ తీసేయాలి, ఇది మాత్రం మీరు బతిమాలినా సడలించను. నేను పందొమ్మిదేళ్ళప్పుడు మైనస్ విప్పకుండా ప్లస్ విప్పబోయాను, పానా బాడీకి తగిలింది, పెద్ద మెరుపు, వాచీ గొలుసు ఎర్రగా కాలి మణికట్టుకి అంటుకుంది. ఆ మచ్చ మీరు చిన్నప్పుడు వేలుతో తడిమి అడిగేవాళ్ళు. కారు బాడీ అంతా మైనస్సే, అందుకని ముందు మైనస్ విప్పేస్తే ఆ తరవాత ప్లస్ విప్పుతూ పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్న మైనస్. బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ కూడా బిగించడం మరిచిపోకండి, ఊగే బ్యాటరీ త్వరగా పోతుంది. పక్కకి వంచకండి, యాసిడ్ పడితే వెంటనే బోలెడు నీళ్ళతో కడగాలి, కంట్లో పడితే పావుగంట ఆగకుండా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నూలు చొక్కా మీద పడినది ఆ పూట కనపడదు, ఉతికాక చిల్లులు పడతాయి.

ఏ కంపెనీది కొనాలి అని అడుగుతారు. మన తిరుపతి పక్కన కరకంబాడి వాళ్ళ అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, పేరు కన్నా తయారైన తేదీ చూడండి. షాపులో ఆరు నెలలు పైన కూర్చున్నది వద్దు. పాతదాని మీద ఉన్న కోడ్, సైజు, ప్లస్ ఏ పక్క ఉందో అన్నీ కలవాలి, కోడ్ చివర ఎల్ ఉన్న చోట ఆర్ తెస్తే వైరు అందదు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగి స్టార్టయ్యే కారైతే మామూలు బ్యాటరీ వేయకండి, మాటిమాటికీ స్టార్టవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ, కంపెనీ ఏది చెబితే అదే. ఎలక్ట్రిక్ కారు కొన్న చిన్నోడా, నీకూ ఇది వర్తిస్తుంది. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, పక్కనున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే నీ కారు తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు.

పాత బ్యాటరీని ఇంట్లో మూలన పెట్టకండి, వీధిలో తిరిగే పాత ఇనుము వాళ్ళకి వందో రెండొందలో ఎక్కువ ఇస్తామన్నా ఇవ్వకండి. అందులో బరువు చాలామటుకు సీసానిదే. పెరట్లో పొయ్యి పెట్టి కరిగించే చోట ఆ పొగ పిల్లల ఒంట్లోకి వెళ్తుంది, సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. బ్యాటరీ అమ్మిన షాపు వాడే పాతది వెనక్కి తీసుకోవాలని 2001లోనే రూల్సు వచ్చాయి, 2022లో వచ్చిన కొత్త రూల్సు ఆ బాధ్యతని తయారుచేసే కంపెనీల మీద పెట్టాయి. షాపులో ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు కూడా. అమ్మడు ఇచ్చేసింది, బిల్లులో రాయించుకుంది.

అమ్మడూ, కెమెరా వైరుని తాళంతో ఆగే ఫ్యూజుకి మార్పించాక ఒకసారి మళ్ళీ మైనస్ దగ్గర కొలిచి ఆ అంకె ఫోటో తీసి పంపు. 0.05 లోపు వస్తేనే నాకు నిద్ర పడుతుంది.

మీ
తాతయ్య