ఎక్స్‌టర్నల్ ఎన్‌క్లోజర్ వేగం: అపోహలు – వాస్తవాలు

పెళ్లి వీడియోలు, చిన్న బడ్జెట్ సినిమాలు తీసే యూనిట్లకు ఫుటేజీ భద్రపరిచిపెట్టడం నా వృత్తి. షూటింగ్ ముగిసిన రాత్రే కెమెరా కార్డుల్లో ఉన్నదంతా రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఫైళ్లు చెక్కుచెదరకుండా వచ్చాయో లేదో సరిచూసి, తెల్లవారేలోపు ఖాళీ కార్డులను కెమెరామన్ చేతికి తిరిగి ఇవ్వాలి. అందువల్ల డిస్కు ఎంత మంచిదై ఉండాలో, దాన్ని తొడిగే ఎన్‌క్లోజర్ కూడా అంత నికరమైనదై ఉండాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కేసింగ్ అని అడిగితే చూపించేది దీన్నే. డిస్కును లోపల పెట్టి కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించే, అరచేతిలో ఇమిడే అల్యూమినియం పెట్టె, లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఒక బ్రిడ్జి చిప్, అంతే. అయినా దీని వేగం గురించి కొనేవారిలోనూ అమ్మేవారిలోనూ ఉన్నన్ని అపోహలు డిస్కుల గురించి కూడా లేవు. నేను తరచుగా వినేవాటిని, కొన్నింటిని స్వయంగా నమ్మి నష్టపోయినవాటిని కూడా, ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వేగవంతమైన ఎన్‌క్లోజర్‌లో పెడితే పాత హార్డ్‌డిస్క్ కూడా వేగం పుంజుకుంటుంది.

వాస్తవం: ఎన్‌క్లోజర్ దారి మాత్రమే, బండి డిస్కే. నిమిషానికి 7200 సార్లు తిరిగే 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఎంత కొత్తదైనా సెకనుకు సుమారు 200 నుంచి 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన 2.5 అంగుళాల డిస్కు 100 నుంచి 140 ఎంబీ ఇస్తే గొప్ప. అది కూడా పళ్లెం అంచున రాస్తున్నంతసేపే. పళ్లెం తిరిగే వేగం మారదు గాని, అంచున ఉన్న ట్రాకు పొడవు ఎక్కువ కాబట్టి ఒక్క చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది. డిస్కు నిండుతూ మధ్యకు వచ్చేకొద్దీ వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. 2008లో వచ్చిన 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్ల) యూఎస్‌బీ 3.0 దారిలోనే ఆచరణలో 400 ఎంబీకి పైగా వెళ్తుంది. కాబట్టి తిరిగే డిస్కుకు 10 జీబీపీఎస్ ఎన్‌క్లోజర్ కొనడం డబ్బు దండగ. శాటా ఎస్‌ఎస్‌డీ (పాత శాటా కనెక్షన్‌తో వచ్చే, తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్కు) అయితే 550 ఎంబీ వరకు వస్తుంది గనుక దానికి 10 జీబీపీఎస్ కొంత మేలు చేస్తుంది. ఆపైన ప్రయోజనం పొందేది అంతకన్నా వేగవంతమైన కొత్త తరం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే.

ఇంకొక సంగతి. ఎస్‌ఎంఆర్ పద్ధతిలో తయారైన హార్డ్‌డిస్కుల్లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరచి ఉంటాయి. వీటిలో పెద్ద ఫోల్డర్ ఎక్కిస్తే మొదట బాగానే నడిచి, కాసేపటికి పదుల ఎంబీలకు పడిపోతుంది. ఎన్‌క్లోజర్ పాడైందని నా దగ్గరకు తెచ్చేవారిలో కొందరి అసలు సమస్య ఇదే.

అపోహ: 10 జీబీపీఎస్ అంటే సెకనుకు 10 జీబీ.

వాస్తవం: మొదటిది గిగాబిట్, రెండవది గిగాబైట్. ఎనిమిదితో భాగిస్తే 1250 ఎంబీ. ఆ దారిలో డేటాను పంపే నియమావళికి (ప్రోటోకాల్) పోయే ఖర్చు తీసేస్తే చేతికి వచ్చేది సుమారు 1000 ఎంబీ.

అపోహ: పోర్టు టైప్-సీ అయితే వేగం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: టైప్-సీ అనేది మొన ఆకారానికి పేరు. ఆ ఆకారం వెనుక 480 ఎంబీపీఎస్ యూఎస్‌బీ 2.0 కూడా ఉండవచ్చు, అదే మొనను వాడే మరో వేగవంతమైన కనెక్షన్, 40 జీబీపీఎస్ థండర్‌బోల్ట్ కూడా ఉండవచ్చు. కేబుల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఫోన్ ఛార్జర్లతో వచ్చే టైప్-సీ కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ తీగలతో పాటు యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రమే ఉంటాయి. అధిక వేగానికి కావలసిన జతలు అసలే ఉండవు.

ఈ పాఠం నాకు ఒక పెళ్లిలో వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చేర్చిన 240 జీబీ ఫుటేజీని ఎన్‌వీఎంఈ డిస్కులోకి ఎక్కించాలి. ఐదు నిమిషాల పని అనుకొని భోజనాల దగ్గరకు వెళ్లి వచ్చేసరికి తెర మీద ఇంకా గంటకు పైగా సమయం చూపిస్తోంది. వేగం సెకనుకు 40 ఎంబీ. డిస్కు తీసి పెట్టాను, పోర్టు మార్చాను, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాను. అప్పగింతలు మొదలయ్యే సమయానికి గాని నా సంచిలోంచి తీసిన కేబుల్ నా ఫోన్ ఛార్జర్‌దని తట్టలేదు. రెండూ తెల్లవే, రెండూ మీటరు పొడవే. ఆనాటి నుంచి ప్రతి ఎన్‌క్లోజర్ కేబుల్‌కు ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి, దాని మీద మార్కర్‌తో వేగం రాసిపెట్టుకుంటున్నాను.

కేబుల్ పొడవును కూడా చూడాలి. థండర్‌బోల్ట్ 3 మామూలు కేబుల్ పూర్తి 40 జీబీపీఎస్ ఇచ్చేది 0.8 మీటర్ల వరకే. అంతకన్నా పొడవైనవి చాలావరకు 20కి దిగిపోతాయి. పాత తరహా దీర్ఘచతురస్రాకారపు టైప్-ఏ మొనలో మరొక చిక్కు ఉంది. యూఎస్‌బీ 2.0 స్పర్శలు ముందు, 3.0 స్పర్శలు లోపల ఉంటాయి కాబట్టి మొనను మరీ నెమ్మదిగా నెడితే కంప్యూటర్ దాన్ని 2.0 పరికరంగా గుర్తించి అక్కడే ఆగిపోవచ్చు. తీసి, ఒక్క ఊపున గుచ్చితే సరిపోతుంది. చెబితే నవ్వుతారు గాని, చేసి చూడండి.

అపోహ: 20 జీబీపీఎస్ ఎన్‌క్లోజర్ ఏ కంప్యూటర్‌లోనైనా 10 జీబీపీఎస్ దానికి రెట్టింపు వేగం ఇస్తుంది.

వాస్తవం: జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, ఇందులో అమ్మేవారి తప్పుకన్నా పేర్లు పెట్టినవారి తప్పే ఎక్కువ. యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 అనే ఈ పద్ధతి 2017లో వచ్చింది. టైప్-సీ కేబుల్‌లోని రెండు దారులనూ ఒకేసారి వాడుకొని 20 జీబీపీఎస్ సాధిస్తుంది. అయితే కంప్యూటర్ పోర్టు కూడా అదే పద్ధతిని ఎరిగి ఉండాలి. 2019లో వచ్చిన యూఎస్‌బీ4 ప్రమాణం 2x2ను కంప్యూటర్లకు తప్పనిసరి చేయలేదు, తయారీదారు ఇష్టానికి వదిలేసింది. ఫలితంగా 40 జీబీపీఎస్ పోర్టు ఉన్న ఖరీదైన ల్యాప్‌టాప్‌కు 20 జీబీపీఎస్ ఎన్‌క్లోజర్ తగిలిస్తే అది 10 దగ్గర నడిచే అవకాశం ఉంది. ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌లలో జరిగేది ఇదే. లక్ష రూపాయల పైచిలుకు ల్యాప్‌టాప్‌లో 1000 ఎంబీ కూడా దాటని డిస్కును, ఓ మోస్తరు డెస్క్‌టాప్ వెనుక ఉన్న 2x2 పోర్టుకు తగిలిస్తే 2000 ఎంబీ దగ్గరకు వెళ్లడం నేను చూశాను.

కాబట్టి ఇలాంటి మ్యాక్ గాని, 2x2 లేని థండర్‌బోల్ట్ ల్యాప్‌టాప్ గాని వాడేవారు 10 జీబీపీఎస్‌తో సరిపెట్టుకోవాలి, లేదా నేరుగా 40 జీబీపీఎస్ యూఎస్‌బీ4 ఎన్‌క్లోజర్‌కు వెళ్లాలి. నడిమి మెట్టు వారికి పనికిరాదు. పాత చిప్‌లతో వచ్చిన థండర్‌బోల్ట్ 3 ఎన్‌క్లోజర్లయితే మామూలు యూఎస్‌బీ పోర్టులో నెమ్మదిగా నడవడం కాదు, అసలు కనిపించనే కనిపించవు. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికినప్పుడు ఈ ప్రశ్న ముందు అడగాలి.

అపోహ: బెంచ్‌మార్క్ యాప్ చూపించిన అంకే అసలు వేగం.

వాస్తవం: ఆ అంకె అబద్ధం కాదు, కాని అది మొదటి కొద్ది సెకన్ల వేగం. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌ను తెరిచి ఉన్నది ఉన్నట్టు నడిపితే అది 1 జీబీ ఫైలుతోనే పరీక్షిస్తుంది. నేటి ఎస్‌ఎస్‌డీలు తమలో కొంత భాగాన్ని ఎస్‌ఎల్‌సీ క్యాష్‌గా, అంటే వేగంగా రాసుకునే తాత్కాలిక చోటుగా వాడుకుంటూ, వచ్చిన డేటాను ముందు అక్కడ గబగబా దించుకొని, తీరిక దొరికినప్పుడు అసలు చోటికి సర్దుకుంటాయి. ఆ క్యాష్ నిండేదాకా ఏ డిస్కైనా మహారాజే. నిండాక మంచి టీఎల్‌సీ డిస్కు (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది) కొంత తగ్గి నిలకడగా నడుస్తుంది; చవక క్యూఎల్‌సీ డిస్కు (నాలుగు బిట్లు దాచేది) 100, 150 ఎంబీలకు పడి, తిరిగే హార్డ్‌డిస్క్ దానికన్నా నయమనిపిస్తుంది. డిస్కు ఎంత నిండి ఉంటే ఈ క్యాష్ కూడా అంత చిన్నదవుతుంది కాబట్టి, ఖాళీ డిస్కు మీద చేసిన పరీక్ష ఆరు నెలల తర్వాత చెల్లదు.

నా పద్ధతి చెబుతాను. డిస్కును ముందు మూడు వంతుల వరకు నింపుతాను. తర్వాత నా పనిలో నిజంగా ఎదురయ్యే సరుకునే, అంటే పెద్ద వీడియో ఫైళ్లు, వాటి మధ్య వేల సంఖ్యలో చిన్న ఫొటోలు ఉన్న సుమారు 150 జీబీ ఫోల్డర్‌ను, అంతకన్నా వేగంగా చదవగల లోపలి ఎస్‌ఎస్‌డీ నుంచి ఎక్కిస్తాను. నిమిషానికొకసారి వేగాన్ని, డిస్కు ఉష్ణోగ్రతను కాగితం మీద రాసుకుంటాను. కాపీ పూర్తయిందని తెర చెప్పగానే నమ్మను, ఎందుకంటే కంప్యూటర్ కొంత డేటాను తన ర్యామ్‌లోనే ఉంచుకొని అయిపోయిందని చెప్పగలదు. ఎజెక్ట్ కొట్టి, అది సరేననేదాకా గడిచిన కాలాన్ని కూడా లెక్కలో కలుపుతాను. చివరగా డిస్కును మళ్లీ తగిలించి రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) పోలుస్తాను. ఒక్క ఫైలు తేడా వచ్చినా ఆ ఎన్‌క్లోజర్ వేగంతో నాకు పని లేదు. ఇదంతా ముప్పావు గంట పని. చిన్న ఫైళ్ల దగ్గర ఏ ఎన్‌క్లోజర్ వేగమైనా బాగా తగ్గుతుంది. అక్కడ నేను చూసేది ఎంత తగ్గిందని కాదు, మధ్యలో కనెక్షన్ ఊడిపోయిందా అని.

విండోస్‌లో పరీక్షించేవారు ఒక సెట్టింగ్ గమనించాలి. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయటి డిస్కులకు క్విక్ రిమూవల్ విధానమే ముందుగా అమరి ఉంటుంది. దాన్ని బెటర్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి రాత క్యాష్‌ను ఆన్ చేస్తే రాత వేగం పెరగవచ్చు గాని, ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగితే డేటా పోయే ప్రమాదమూ పెరుగుతుంది. ఇద్దరి ఫలితాలు పోల్చేటప్పుడు ఈ సెట్టింగ్ ఒకటేనా అని చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

అపోహ: చేతికి వేడిగా తగిలే ఎన్‌క్లోజర్ నాసిరకం.

వాస్తవం: తరచుగా దీనికి తిరగవేసినదే నిజం. ఎన్‌వీఎంఈ డిస్కు పనిలో ఉన్నప్పుడు వేడెక్కక తప్పదు. అల్యూమినియం పెట్టె ఆ వేడిని బయటకు లాగి గాలికి వదలడానికే ఉంది. ప్లాస్టిక్ పెట్టె చల్లగా ఉందంటే వేడి లోపలే ఉడుకుతోందని అనుమానించాలి. డిస్కు ఉష్ణోగ్రత 70, 80 డిగ్రీల ప్రాంతానికి చేరితే అది తనను కాపాడుకోవడానికి వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని గదిలో చేసిన పరీక్షకూ డిసెంబరులో చేసినదానికీ తేడా రావడం ఇందుకే.

నా దగ్గరకు వచ్చిన ఒక ఎన్‌క్లోజర్ పది నిమిషాలకే నీరసపడిపోయేది. విప్పి చూస్తే డిస్కుకూ మూతకూ మధ్య ఉండవలసిన థర్మల్ ప్యాడ్ ఉంది, కాని దాని మీది పల్చటి ప్లాస్టిక్ పొరను ఎవరూ ఒలవలేదు. గోటితో అంచు లేపి ఆ పొర తీసి మళ్లీ బిగించాక అరగంట సేపు వేగం కదలలేదు. మూత మాత్రం మునుపటికన్నా వేడిగా తగిలింది, తగలాలి కూడా.

అపోహ: లోపలి చిప్ ఏదైనా ఒకటే.

వాస్తవం: డిస్కు భాషను యూఎస్‌బీ భాషలోకి మార్చే దుబాసీ ఆ చిప్పే. ఏఎస్‌ఎం2362, జేఎంఎస్583, ఆర్‌టీఎల్9210బీ అనేవి 10 జీబీపీఎస్ తరగతిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఏఎస్‌ఎం2364 20 జీబీపీఎస్ చిప్, ఏఎస్‌ఎం2464పీడీ 40 జీబీపీఎస్ యూఎస్‌బీ4 చిప్. వీటిలో ఆర్‌టీఎల్9210బీ ఎన్‌వీఎంఈ డిస్కునూ, అదే సన్నటి ఎం.2 ఆకారంలో వచ్చే శాటా డిస్కునూ రెండింటినీ స్వీకరిస్తుంది. ఎన్‌వీఎంఈకి మాత్రమే చేసిన ఎన్‌క్లోజర్‌లో శాటా డిస్కు బిగుసుకున్నా కంప్యూటర్‌కు కనిపించదు. చిప్‌తో పాటు యూఏఎస్‌పీ (డిస్కుకు ఆజ్ఞలు పంపే కొత్త పద్ధతి) ఉందో లేదో చూడాలి. పాత పద్ధతిలో ఒక ఆజ్ఞ పూర్తయ్యాకే మరొకటి వెళ్తుంది. యూఏఎస్‌పీలో అనేక ఆజ్ఞలు వరుసగా నిలబడతాయి, చిన్న ఫైళ్ల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ల కింద యూఏఎస్ మాస్ స్టోరేజ్ డివైస్ అన్న పేరు కనబడితే అది పనిచేస్తున్నట్టు.

కరెంటు సంగతి క్లుప్తంగా. యూఎస్‌బీ 3.0 టైప్-ఏ పోర్టు ప్రమాణం ప్రకారం 5 వోల్టుల దగ్గర 900 మిల్లీ ఆంపియర్లు, అంటే 4.5 వాట్లు ఇస్తుంది. ఆకలి ఎక్కువ ఉన్న ఎన్‌వీఎంఈ డిస్కుకు పెద్ద రాతల్లో అది చాలక మధ్యలో ఊడిపోతుంది. దీన్ని చాలామంది చిప్ దోషమనుకుంటారు. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి గనుక అడాప్టర్ తప్పదు. మొన సరిపోయింది కదా అని ల్యాప్‌టాప్‌ల 19 వోల్టుల అడాప్టర్ గుచ్చకండి.

అపోహ: ఎన్‌క్లోజర్ పోయినా ఏం కాదు, డిస్కు తీసి వేరేదాంట్లో పెడితే డేటా వస్తుంది.

వాస్తవం: ఎక్కువసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. 2 టీబీ దాటిన డిస్కులను పాత కంప్యూటర్లకు చూపించడానికి కొన్ని బ్రిడ్జి చిప్‌లు 512 బైట్ల సెక్టర్లను (డిస్కు డేటాను దాచే చిన్న గళ్లను) 4096 బైట్లవిగా మార్చి చెబుతాయి. ఆ డిస్కును నేరుగా మదర్‌బోర్డుకు తగిలిస్తే పార్టిషన్ లెక్క తప్పి, ఫార్మాట్ చేయమంటుంది. డేటా అక్కడే ఉంటుంది, కంగారులో ఫార్మాట్ కొట్టకూడదు. మరికొన్ని రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో బోర్డు తనంతట తానే ఎన్‌క్రిప్షన్ చేస్తుంది. ఆ బోర్డు కాలిపోతే డిస్కు బాగున్నా చదవడం చాలా కష్టం. అందుకే కొత్త ఎన్‌క్లోజర్ తెచ్చిన రోజునే, అందులో రెండు జీబీల పనికిరాని సరుకు రాసి, డిస్కు తీసి మరొక ఎన్‌క్లోజర్‌లో పెట్టి అది తెరుచుకుంటుందో లేదో చూస్తాను. తెరుచుకోకపోతే బిల్లు, డబ్బా పట్టుకొని మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్తాను.