హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం: ఖనిజ పరీక్షల ల్యాబుల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

బాక్సైట్, మాంగనీస్ ఖనిజం, క్వార్ట్జ్ వంటి నమూనాలు ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ ప్రాంతంలోని ల్యాబులకు నిత్యం వస్తుంటాయి. వాటిలో సిలికా శాతాన్ని కచ్చితంగా తేల్చే పాత పద్ధతిలో, వేరుచేసిన సిలికాను ప్లాటినం క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో) తూచి, రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పాటు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో వేడిచేస్తాము. సిలికా అంతా సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువుగా ఎగిరిపోతుంది. తరిగిన బరువే నమూనాలోని సిలికా. ఈ పని చేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువారు చాలామందే ఉన్నారు. సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల దగ్గర వారి చేయి బాగా తిరిగి ఉంటుంది. చిక్కంతా అక్కడే వస్తుంది, ఎందుకంటే ఆ ఆమ్లాలు నేర్పిన అలవాట్లు 'హెచ్‌ఎఫ్' (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) దగ్గర పనికిరావు సరికదా, కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: ఇది బలహీన ఆమ్లమని పాఠ్యపుస్తకమే చెబుతోంది కాబట్టి హైడ్రోక్లోరిక్ అంత ప్రమాదం ఉండదు.

పుస్తకం తప్పు చెప్పలేదు. ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే పీకేఏ విలువ దీనికి సుమారు 3.2. నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది, హెచ్‌ఎఫ్‌లో మాత్రం అధికభాగం విడిపోని అణువులుగానే మిగులుతుంది. అసలు ప్రమాదానికి కారణం ఇదే. విద్యుదావేశం లేని ఆ చిన్న అణువులు చర్మాన్ని దాటి లోపలి కణజాలంలోకి, ఒక్కోసారి ఎముకదాకా చొచ్చుకుపోతాయి. అక్కడ విడుదలైన ఫ్లోరైడ్ శరీరంలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. పైకి చిన్నదిగా కనిపించే కాలిన గాయంతో వచ్చిన మనిషి గుండె ఆగి మరణించే అవకాశం ఉండటానికి కారణం ఇదే.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, రాతి నమూనాలను కరిగించే ఒక చిన్న ల్యాబులో, టెక్నీషియన్ ఒడిలో 70 శాతం హెచ్‌ఎఫ్ ఒలికింది. ఒలికినది 100 నుంచి 230 మిల్లీలీటర్ల మధ్య ఉంటుందని అంచనా వేశారు. శరీరంలో కాలినది సుమారు 9 శాతం. ఆ ల్యాబులో ఎమర్జెన్సీ షవరూ లేదు, విరుగుడు జెల్లూ లేదు. కాలు తీసివేసినా అతను 15 రోజులకు మరణించాడు. మన ల్యాబుల్లో వాడేది సాధారణంగా 40 లేదా 48 శాతం ఆమ్లమే అయినా, మనం చేసేదీ రాళ్లను కరిగించే పనే కాబట్టి, కొత్తగా చేరిన ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఈ ఉదంతమే.

అపోహ: మంట లేదంటే చర్మానికి ఏమీ కాలేదన్నమాట.

అన్నింటిలోకి ఇదే ప్రమాదకరమైన నమ్మకమని నా అభిప్రాయం. 50 శాతానికి మించిన గాఢతలో నొప్పి వెంటనే తెలుస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్య అయితే ఒకటి నుంచి ఎనిమిది గంటల తరువాత తెలియవచ్చు. 20 శాతం లోపైతే 24 గంటల దాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. పగటి షిఫ్టులో వేలి మీద పడిన చుక్కకు అర్ధరాత్రి ఇంట్లో నొప్పి మొదలవుతుంది, అప్పటికి ఫ్లోరైడ్ గోరు కిందికి దిగిపోయి ఉంటుంది. అందువల్ల తగిలిందన్న అనుమానమే చికిత్స మొదలుపెట్టడానికి చాలు.

అపోహ: నీళ్లతో ఎంత ఎక్కువసేపు కడిగితే అంత మంచిది, తరువాత వంటసోడా రాస్తే సరిపోతుంది.

ఇతర ఆమ్లాల విషయంలో మొదటి సగం నిజమే. హెచ్‌ఎఫ్ తగిలినప్పుడు వెంటనే ధారగా పారే నీటి కింద నిలబడి, తడిసిన బట్టలు, ఉంగరాలు, గడియారం తీసేయాలి. అయితే ఫ్లోరైడ్‌ను పట్టుకునే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉంటే కడగడాన్ని ఐదు నిమిషాలకు ముగించి జెల్ పట్టించడం మొదలుపెట్టాలి, ఎందుకంటే లోపలికి ఇంకిన ఫ్లోరైడ్‌ను నీరు బయటికి తీయలేదు. 2.5 శాతం జెల్‌ను గాయం మీదా చుట్టుపక్కలా ధారాళంగా రాసి, ఆపకుండా మర్దన చేస్తూ, పది పదిహేను నిమిషాలకొకసారి కొత్త జెల్ వేయాలి. రాసే మనిషి చేతికి గ్లౌజులు ఉండి తీరాలి. వేళ్లకు తగిలితే సర్జికల్ గ్లౌజు నిండా జెల్ వేసి, ఆ గ్లౌజునే చేతికి తొడగడం తేలికైన ఉపాయం. జెల్ లేకపోతే ఆసుపత్రి చేరేదాకా కడుగుతూనే ఉండాలి. కంటిలో పడితే జెల్ జోలికి పోకుండా కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి, వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు.

వంటసోడా, పసుపు, టూత్‌పేస్టు, కాలిన గాయాలకు వాడే పసుపురంగు క్రీము, వీటిలో ఏదీ ఫ్లోరైడ్‌ను పట్టుకోలేదు. నొప్పి తెలియకుండా చేసే మందులు రాయడం ఇంకా చేటు: నొప్పి తగ్గుతోందా లేదా అన్నదే కాల్షియం సరిపోయిందో లేదో చెప్పే గుర్తు కాబట్టి దాన్ని కప్పేయకూడదు.

జెల్ మందుల షాపుల్లో సులువుగా దొరకదన్న మాట నిజం. కానీ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. దాన్ని 25 మిల్లీలీటర్లు తీసుకుని, నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్లీ 75 మిల్లీలీటర్లలో కలిపితే 2.5 శాతం అవుతుంది. ఈ ఏర్పాటు చేసుకోవలసింది ప్రమాదం జరిగాక కాదు, సీసా మూత తెరవడానికి ముందే.

అపోహ: మిగతాది ఆసుపత్రివారే చూసుకుంటారు.

చిన్న పట్టణాల్లో విధుల్లో ఉన్న వైద్యుడు ఫ్లోరైడ్ గాయాన్ని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. చూసినవారు ఏ విశాఖపట్నంలోనో, బ్రహ్మపురంలోనో ఉంటారు. 'యాసిడ్ పడింది' అని మాత్రం చెబితే మామూలు ఆమ్లగాయంలాగే కట్టుకట్టి పంపించే ప్రమాదం ఉంది. అందువల్ల ఆమ్లం పేరు, గాఢత, తగిలిన సమయం, కాల్షియం అవసరం, ఈసీజీ, రక్తంలో కాల్షియం పరీక్షల అవసరం, ఇవన్నీ రాసిన ఒక పేజీని జెల్‌తో పాటే డబ్బాలో ఉంచి, రోగితో పంపాలి. ఆ పేజీ ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ, గోడమీది హెచ్చరిక ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలన్నది నా పట్టుదల. మనకు సాయం పట్టడానికి పరుగెత్తుకొచ్చే అటెండరుకు తెలుగు రాకపోవచ్చు.

అపోహ: నేల మీద ఒలికితే ఎర్ర బకెట్లోని ఇసుక పోయాలి.

ఇసుక అంటే సిలికాయే. క్రూసిబుల్‌లో మనం కావాలని జరిపించే చర్య అప్పుడు గది మధ్యలో జరిగి విషవాయువు పుడుతుంది. దీనికి వేరుగా, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో తడిపి ఆరబెట్టిన సున్నం పొడి గానీ, కాల్షియం కార్బొనేట్ పొడి గానీ ఉంచుకోవాలి. ఒలికిన చోటును అంచుల నుంచి మధ్యకు కప్పుకుంటూ రావాలి. తడపని పొడి సున్నం విపరీతంగా వేడెక్కుతుంది కనుక వాడకూడదు. ఒలికినది ఎక్కువైతే అందరినీ బయటికి పంపి తలుపు మూయడమే సరైన పని. 2012 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని గుమీలో ట్యాంకు నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ (నీటిలో కలిస్తే ఈ ఆమ్లమయ్యే పదార్థం) లీకై ఐదుగురు కార్మికులు మరణించారు.

అపోహ: చేతికి గ్లౌజులు ఉంటే చాలు.

పలుచని లేటెక్స్, నైట్రైల్ గ్లౌజులు ఒకసారి చిందితే తీసి పారేయడానికే. వాటి మీద మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ గ్లౌజులు, ముఖానికి షీల్డు, పీవీసీ ఆప్రాన్, కాళ్లకు మూసిన బూట్లు ఉండాలి. ఒంటరిగా ఈ పని చేయకూడదు.

అపోహ: ఎక్కువ నీళ్లు పోసి సింకులో వదిలేయవచ్చు.

పలుచన చేసినంత మాత్రాన ఫ్లోరైడ్ మాయం కాదు. రాయగడ దగ్గర మన కాలువల్లోకి వదిలింది నాగావళిలో కలిసి, దిగువన శ్రీకాకుళం వైపు పోతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేనప్పుడు 1.5. వ్యర్థాన్ని ప్లాస్టిక్ డబ్బాలోనే పోగుచేసి, సున్నంతో కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దింపి, ఆ మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వారికి అప్పగించాలి. పైన తేరిన నీటిలోనూ లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మిగిలే ఉంటుంది కనుక కొలవకుండా వదలకూడదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలను కిరోసిన్‌కో, నీళ్లకో ఇంటికి పట్టుకెళ్లే అలవాటు మన దగ్గర ఉంది. సున్నపునీటితో కడిగి, లేబులు చించి, సీసాకు రంధ్రం పొడిచిన తరువాతే దాన్ని ల్యాబు గడప దాటించాలి.