సీఎంఈ గంటలు వేరు, ఎంఓసీ పాయింట్లు వేరు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో సీఎంఈ అంటే డాక్టర్లు చేయాల్సిన నిరంతర వైద్య విద్య. ఎంఓసీ అంటే ఏబీఐఎం (అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్) ఇచ్చిన స్పెషలిస్టు సర్టిఫికేషన్‌ను నిలుపుకునే కార్యక్రమం. ఈ రెండూ ఒకటే అనుకున్న డాక్టర్ల నుంచి డిసెంబరు చివరి వారంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. కిందటేడాది ఫోను చేసిన అమ్మాయి నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ఫెలోషిప్‌లో నా జూనియర్. “అక్కా, రెండేళ్లలో డెబ్బై గంటల సీఎంఈ చేశాను. ఏబీఐఎం పోర్టల్‌లో మాత్రం సున్నా చూపిస్తోంది. నా సర్టిఫికేషన్ పోయినట్టేనా?” గొంతు వణుకుతోంది.

పోలేదు. రెండేళ్ల గడువు తప్పితే సర్టిఫికెట్ రద్దు కాదు, ఎంఓసీలో పాల్గొనడం లేదని పేరు పక్కన కనిపిస్తుంది. ఆ మాట ముందు చెప్పాకే ఆమెకు ఊపిరాడింది.

“సీఎంఈ చేస్తే పాయింట్లు వాటంతటవే పడతాయి” అన్న అపోహ వల్ల జరిగే నష్టం మరి దేనివల్లా జరగదు. లైసెన్సు రాష్ట్రానిది, సర్టిఫికేషన్ బోర్డుది. కాలిఫోర్నియా లైసెన్సుకు రెండేళ్లకు 50 గంటలు కావాలి. ఏబీఐఎంకు ఐదేళ్లలో 100 పాయింట్లు కావాలి, ప్రతి రెండేళ్లలో కొన్నయినా రావాలి. ఒకే కోర్సు రెండింటికీ పనికిరావచ్చు. అయితే ఆ కోర్సు ఎంఓసీకి నమోదై ఉండాలి, చివరి ప్రశ్నలకు మీరు జవాబులివ్వాలి, నిర్వాహకులకు మీ బోర్డు ఐడీ, పుట్టిన తేదీ అందాలి. అప్పుడే వాళ్లు మీ పాయింట్లను బోర్డుకు పంపగలరు. మీ దగ్గరున్న సర్టిఫికెట్‌ను మీరే పోర్టల్‌లో పెట్టి పాయింట్లు రాబట్టుకోలేరు.

ఆ అమ్మాయి మూడు రోజుల సదస్సులో ఒక్క ఉపన్యాసమూ వదల్లేదు. దరఖాస్తులో బోర్డు ఐడీ గడి ఖాళీగా వదిలేసింది. ఆ రాత్రే నిర్వాహకులకు మెయిల్ రాయించాను, గడువుకు రెండు రోజుల ముందు పాయింట్లు పడ్డాయి. నేనూ ఒక ఏడాది చివరి ప్రశ్నలు పూర్తిచేయకుండా విమానం ఎక్కాను. ఆ పాయింట్లు ఇప్పటికీ రాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: కోర్సు ముగిసిన నెలలోపే పోర్టల్ తెరిచి చూసుకోండి.

మిగతా వదంతులకు ఇంత వివరణ అక్కర్లేదు. రెండు సర్టిఫికెట్లుంటే 200 పాయింట్లు కావాలన్నది అబద్ధం, అవే 100 అన్నింటికీ చెల్లుతాయి. నెఫ్రాలజీ నిలుపుకోవాలంటే ఇంటర్నల్ మెడిసిన్‌ కూడా నిలుపుకోవాలన్నదీ అబద్ధమే. సర్టిఫికేషన్ పోతే లైసెన్సు పోదు. కానీ చాలా ఆసుపత్రులు, బీమా సంస్థలు సర్టిఫికేషన్‌ను అడుగుతాయి కాబట్టి తేలిగ్గా తీసుకోకండి. సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి పదేళ్లకోసారి రాసే పరీక్ష తప్పనిసరి అని ఇంకా నమ్మేవాళ్లున్నారు. 2022 నుంచి దానికి బదులుగా ఎల్‌కేఏ (విడతలవారీగా ప్రశ్నలకు జవాబులిచ్చే పద్ధతి) ఉంది: మూడు నెలలకు 30 ప్రశ్నలు, ఐదేళ్లలో 600. వాటిలో వంద వరకు వదిలేయవచ్చు, కాబట్టి కాన్పు వల్లో ఇంట్లో అనారోగ్యం వల్లో ఒక త్రైమాసికం పోయిందని బెంగపడకండి. సరైన ప్రతి జవాబుకూ 0.2 పాయింటు కూడా వస్తుంది, అది నేరుగా మీ ఖాతాలోకే చేరుతుంది.