రెజిన్ మినియేచర్లు: రంగు వేయడానికి ముందు పని గురించి అపోహలు - వాస్తవాలు

వార్‌గేమింగ్‌లోకి (చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే ఆట) కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది చేతికి ముందు దొరికేది ప్లాస్టిక్ కిట్. ఫ్రేమ్ నుంచి ముక్కలు కత్తిరించి, ప్లాస్టిక్ సిమెంట్ రాసి, కాసేపట్లో ఒక సైనికుణ్ణి నిలబెట్టేస్తారు. తర్వాత అదే అలవాటుతో రెజిన్ బొమ్మల పెట్టె తెరుస్తారు. గొడవంతా అక్కడ మొదలవుతుంది. "రంగు పెచ్చులుగా లేచిపోతోంది, ఏ కంపెనీ రంగు కొనమంటారు?" అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి రంగు మార్చాల్సిన పనే లేదు. ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పొర) కొట్టకముందే ఏదో ఒకటి వదిలేసి ఉంటారు.

అపోహ: కొత్త బొమ్మే కదా, కడగడం దేనికి?

రెండు ద్రవాలు కలిపి సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తే పాలియురెథేన్ రెజిన్ గట్టిపడి బొమ్మ అవుతుంది. అది అచ్చుకు పట్టేయకుండా లోపల రిలీజ్ ఏజెంట్ అనే మందు కొడతారు. దేన్నీ అంటనివ్వకపోవడమే దాని పని. బొమ్మ మీద మిగిలిపోతే మీ ప్రైమర్‌ని కూడా అంటనివ్వదు. కొన్నిసార్లు వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది, చాలాసార్లు అదీ తెలియదు. కాబట్టి "చూశాను, శుభ్రంగానే ఉంది" అంటే కుదరదు.

గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అంగీ మడతలు, గొలుసు కవచం, బొచ్చు ఉన్న చోట్ల కాస్త ఎక్కువసేపు రుద్దాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. కుళాయి కింద నేరుగా కడిగితే చిటికెన వేలి గోరంత ముక్క సింకు కన్నంలోకి జారిపోతుంది. జల్లెడలో వేసి కడగడం మేలు. నీళ్లు సలసల కాగక్కర్లేదు, ఆ వేడికి సన్నటి కత్తులు, ఈటెలు వంగిపోతాయి. గీకడం, నూరడం అయ్యాక ఇంకోసారి కడగాలి, ఎందుకంటే ఆ పొడి మీద ప్రైమర్ కొడితే గరుకుగా వస్తుంది.

అపోహ: ప్లాస్టిక్ సిమెంట్ దేన్నైనా అతికిస్తుంది.

అతికించదు. ఆ సిమెంట్ పాలీస్టైరిన్ ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెజిన్ దానికి కరగదు. సూపర్‌గ్లూ వాడండి, బరువైన ముక్కలకైతే రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు.

అపోహ: సూపర్‌గ్లూ ఎంత ఎక్కువ పోస్తే అతుకు అంత గట్టి.

దీనికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. సూపర్‌గ్లూ, అంటే సైనోఅక్రిలేట్, గాలిలోనూ ఉపరితలం మీదా ఉండే తేమతో గట్టిపడుతుంది. పల్చటి పొర చప్పున పట్టేస్తుంది. ముద్దగా పోస్తే లోపల చాలాసేపు పచ్చిగానే ఉంటుంది, మీరు ఆనించి పట్టుకున్న బొమ్మ చెయ్యి పక్కకి జారుతుంది. పైగా దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది. అందుకే జిగురు తియ్యకముందే ముక్కల్ని ఉత్తినే ఆనించి చూడండి. సందు కనబడితే గీకి సరిచేయాలి, లేదా పుట్టీ పెట్టాలి. చిన్న ముక్కకు గుండుసూది మొన మీద పట్టేంత జిగురు చాలు. త్వరగా పట్టాలని యాక్సిలరేటర్ స్ప్రే కొట్టేవాళ్లున్నారు. పని అవుతుంది కానీ అతుకు పెళుసుబారుతుంది, నేనైతే తప్పనిసరైతేనే తీస్తాను. ఒక హెచ్చరిక: ఒలికిన సూపర్‌గ్లూని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చెయ్యి కాలుతుంది, పొగ కూడా రావచ్చు.

అపోహ: పిన్ను పెట్టడం పెద్ద పెద్ద లోహపు బొమ్మలకే.

సూపర్‌గ్లూ అతుకుని నేరుగా లాగితే బాగా తట్టుకుంటుంది. పక్క నుంచి దెబ్బ తగిలితే మాత్రం పుటుక్కున ఊడుతుంది. ఆట బల్ల మీద తగిలేవన్నీ పక్క దెబ్బలే. కాబట్టి చాచిన చెయ్యి, రెక్క, ఒంటికాలి మీద నిలబడ్డ మడమ, ఇలాంటి చోట్ల లోపల తీగ ఉండాల్సిందే.

పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక మిల్లీమీటరు బిట్ బిగించిన చేతి డ్రిల్ (పిన్ వైస్ అంటారు), అదే మందం ఇత్తడి తీగ, కట్టర్ ఉంటే చాలు. బొమ్మ చెయ్యి అతుకు మధ్యలో సూదితో చిన్న గుంట చేసుకోండి, బిట్ జారదు. వేళ్లతో నిదానంగా తిప్పుతూ మూడు నాలుగు మిల్లీమీటర్లు దించండి. మధ్యమధ్యలో వెనక్కి తిప్పి పొడి బయటికి లాగాలి. కరెంటు డ్రిల్ వద్దు, ఆ వేగానికి పుట్టే వేడికి రెజిన్ మెత్తబడి బిట్‌కు చుట్టుకుపోతుంది.

అందరూ తికమకపడేది రెండో కన్నం దగ్గర. అవతల సరిగ్గా ఎక్కడ పెట్టాలి? మొదటి కన్నంలో తీగ ముక్క దూర్చి, కొన మాత్రం కాస్త బయటికి ఉంచండి. ఆ కొనకి తడి రంగు చుక్క అంటించి, చెయ్యి ఏ కోణంలో ఉండాలో అదే కోణంలో భుజానికి ఒత్తండి. భుజం మీద పడిన చుక్కే మీ గుర్తు. అయినా వెంట్రుకవాసి తేడా వస్తే కొత్త చోట ఇంకో కన్నం పెట్టకండి, ఉన్నదాన్నే కొంచెం వెడల్పు చేస్తే సరిపోతుంది. తీగను రెండు కన్నాల లోతూ కలిపినదానికంటే కాస్త తక్కువగా కత్తిరించి, ఆకురాయితో గరుకు చేస్తే జిగురు బాగా పడుతుంది.

అపోహ: వంగిన కత్తి వచ్చిందంటే సరుకు పాడైనట్టే.

సన్నటి ముక్కలు అచ్చులోంచి తీసేటప్పుడో పెట్టెలోనో వంగడం మామూలే. ముట్టుకుంటే చుర్రుమనేంత వేడినీళ్లలో అరనిమిషం ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. మొండికేస్తే మళ్లీ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా వంచితే మాత్రం విరుగుతుంది.

అపోహ: అచ్చు గీతలు (అచ్చు రెండు భాగాలు కలిసే చోట పడేవి), గాలి బుడగల గుంటలు రంగు కింద కప్పబడిపోతాయి.

రంగు వాటిని బయటపెడుతుంది. వాష్ (పల్చటి ముదురు రంగు) వేసినా, డ్రైబ్రష్ (దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రుద్దడం) చేసినా రంగు వెళ్లి ముందు ఆ గీత మీదే కూర్చుంటుంది. ముఖం మధ్యలో నిలువుగీత ఉన్న వీరుణ్ణి ఎంత బాగా పెయింట్ చేసి ఏం లాభం? హాబీ కత్తి వీపు భాగంతో, ఒకే దిశలో, తేలిగ్గా గీకండి. వాలుగా పడే వెలుతురులో తిప్పి తిప్పి చూస్తే మిగిలినవి దొరుకుతాయి.

బుడగల సంగతి రెజిన్‌తో ఎప్పుడూ ఉండేదే. వార్‌గేమింగ్ బొమ్మల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 2011లో లోహపు బొమ్మల స్థానంలో ఫైన్‌కాస్ట్ పేరుతో రెజిన్ బొమ్మలు తెచ్చినప్పుడు ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు కూడా ఇదే. గుంట చిన్నదైతే ఒక బొట్టు సూపర్‌గ్లూ వేసి, మీద వంటసోడా చల్లితే వెంటనే గట్టిపడుతుంది. అది రెజిన్ కంటే గట్టి పదార్థం, ఆలస్యం చేయకుండా నూరేయండి. పెద్ద సందులకు గ్రీన్ స్టఫ్, మిల్లిపుట్ లాంటి ఎపాక్సీ పుట్టీలు. పనిముట్టుకు తడి చేసుకుంటే పుట్టీ అంటుకోదు. గ్రీన్ స్టఫ్ గట్టిపడ్డాక కూడా రబ్బరులా సాగుతుంది, నునుపుగా నూరాలంటే మిల్లిపుట్ నయం.

అపోహ: రెజిన్ విషం, ముట్టుకోకూడదు. దీనికి జంట అపోహ: మాస్క్ అదీ ఉత్త హడావుడి.

రెండూ తప్పే. గట్టిపడిన రెజిన్‌ని చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. దాని పొడి పీల్చడం మంచిది కాదు. ఎన్95 మాస్క్ పెట్టుకోండి, వాటర్ పేపర్‌ని (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి నూరండి. అప్పుడు పొడి గాల్లోకి లేవదు, తడి టిష్యూతో బల్ల తుడిచి ఆ టిష్యూ చెత్తబుట్టలో వేయొచ్చు. పొడిని నోటితో ఊదే అలవాటుంటే మానుకోండి.

త్రీడీ ప్రింటర్లో తీసిన రెజిన్ వేరే జాతి. అక్కడ క్యూర్ కాని (ఇంకా గట్టిపడని) ద్రవం చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ మొదలవుతుంది, మొదలైతే ఇక పోయేది కాదు. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎవరో ప్రింట్ చేసిచ్చిన బొమ్మ జిగటగా ఉంటే సబ్బు సరిపోదు. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక యూవీ వెలుతురులో పెట్టాలి. లోపల డొల్లగా ఉంటే పచ్చి రెజిన్ మిగిలిందేమో కూడా చూడండి, నెలల తర్వాత బొమ్మ పగిలి కారేది దానివల్లే.

అపోహ: మొత్తం అతికించాకే రంగు వేయాలి.

బ్రష్ చేరుతుందా లేదా అన్నదే లెక్క. ఛాతీకి అడ్డంగా పెద్ద డాలు ఉంటే దాన్ని విడిగా ఉంచి వేయండి. అయితే అతుకు పడే చోట మాస్కింగ్ టేప్ ముక్కో బ్లూటాకో (అంటించి తీసేయగల మెత్తటి ముద్ద) పెట్టి ప్రైమర్ కొట్టాలి. మరిచిపోతే తర్వాత అక్కడి రంగు గీకేయాలి, లేకపోతే సూపర్‌గ్లూ రెజిన్‌ని వదిలేసి రంగుపొరని పట్టుకుంటుంది, ఆ పొరతో సహా ఊడొస్తుంది.

ప్రైమర్ విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు: డబ్బా బాగా ఊపండి, ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా కొట్టండి, ముసురు పట్టిన రోజు వద్దు. మొదటి కోటుకి బూడిద రంగు ఎంచుకుంటే మిగిలిపోయిన గీతలు, గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆరాక వాటిని గీకి, పుట్టీ పెట్టి, ఆ చోట మాత్రం మళ్లీ ఒక పల్చటి కోటు కొట్టండి.