సర్కారు తుమ్మ నరికేకొద్దీ ఎందుకు గుబురవుతుంది?

ఊరి వాగులో సర్కారు తుమ్మను కొట్టించాం, రెండు వానలు పడేసరికి ముందుకన్నా దట్టంగా లేచింది, ఏం చెయ్యాలి అని ఒక రైతు అడిగారు. ఇది ఒక్క ఊరి బాధ కాదు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటినప్పటి నుంచీ ఈ చెట్టు మన వాగుల్ని, చెరువుల్ని ఆక్రమిస్తూనే ఉంది.

అసలు కిటుకంతా నేల కింద ఉంది. కాండం అడుగు భాగంలో, మట్టిలో దాదాపు అడుగు లోతు దాకా, నిద్రపోతున్న మొగ్గలుంటాయి. కొమ్మల చివర్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ వాటిని లేవనివ్వదు. నేలబారుగా నరికామా, ఆక్సిన్ ఆగిపోతుంది, వేళ్ల నుంచి ఎక్కే, మొగ్గల్ని లేపే హార్మోను సైటోకైనిన్‌ది పైచేయి అవుతుంది, తిండికి వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఎలాగూ ఉంది. ఇంటిపెద్ద గడప దాటగానే పిల్లలంతా వీధిలోకి ఉరికినట్టు మొగ్గలన్నీ ఒక్కసారే లేస్తాయి, ఒక్క మాను ఉన్నచోట పొద తయారవుతుంది. గొడ్డలి ఆ చెట్టుకు మేలే చేస్తోంది! మొగ్గలున్న ఆ మొదలును తవ్వి తీసేస్తే, కింద మిగిలిన వేరు మళ్లీ చిగురించదు.

ఈ చెట్టు గాలిలో తేమంతా పీల్చేసి వానల్ని ఆపేస్తుందని కొందరు గట్టిగా నమ్ముతారు. నిజానికి నీరు వేళ్ల నుంచి ఆకుల దాకా వెళ్లి గాలిలోకి పోతుంది. బాష్పోత్సేకం అంటే ఇదే. దాన్ని నిర్వచనంగా బట్టీ పట్టించకుండా, ఆకుల కొమ్మకు పాలిథిన్ సంచి కట్టి లోపల పట్టిన నీటిని పిల్లలకు చూపిస్తే ఈ అపోహ నిలవదు.

తవ్వి తీశాక ఆ చోటు ఖాళీగా వదలకూడదు. తీపి కాయలు తిన్న మేకలు, పశువులు విత్తనాల్ని పెంటతో తెచ్చి వేస్తూనే ఉంటాయి. కానీ ఆ మొలకలకు ఎండ కావాలి, నీడలో ఎదగలేవు. మన చెట్ల బలం అక్కడే. వాగంతా ఒకేసారి జేసీబీతో పెళ్లగిస్తే గట్టు వదులై వరదకు కొట్టుకుపోతుంది కాబట్టి ముక్కలు ముక్కలుగా చెయ్యండి: నీటి అంచున రెల్లు, వట్టివేరు, దాని పైన కొమ్మ గుచ్చితే బతికే వావిలి, గట్టు మీద కానుగ, నేరేడు, ఏరుమద్ది. ఇవి కమ్ముకుని నీడ ఇచ్చేదాకా, ప్రతి వానాకాలం తర్వాత తుమ్మ మొలకల్ని వేరు లోతుకు దిగకముందే చేత్తో పీకేస్తూ ఉండాలి.