నొప్పి మాత్ర: భయం ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

క్యాన్సర్ ఎముకలకు పాకి రాత్రిళ్లు కంటిమీద కునుకు లేని మనిషికి డాక్టరు మార్ఫిన్ రాస్తే చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట "వద్దండీ, అలవాటైపోతుంది" అని. అలాంటి ఇంట్లోనే మోకాళ్ల నొప్పులకు రెండు మూడేళ్లుగా రోజూ ట్రామడాల్ వేసుకునే పెద్దావిడ ఉంటే, అదీ మార్ఫిన్ కోవలో మందేనన్న సంగతి ఎవరికీ తట్టదు. పాత చీటీ చూపిస్తే షాపువాడు ఇచ్చేస్తున్నాడు కాబట్టి పారాసెటమాల్ లాంటిదే అనుకుంటారు. భయపడనక్కర్లేని చోట భయపడి ఒకరు నరకం అనుభవిస్తుంటే, జాగ్రత్త పడాల్సిన చోట పడక ఇంకొకరు చిక్కుల్లోకి దిగుతున్నారు.

మార్ఫిన్, ట్రామడాల్ కోవకు చెందిన ఈ ఓపియాయిడ్ మందులు వెన్నుపాములోనూ మెదడులోనూ ఉండే మ్యూ గ్రాహకాలకు, అంటే కణాల మీద మందు అంటుకునే చోట్లకు, అతుక్కుని నొప్పి సంకేతాలను అడ్డుకుంటాయి. అవే గ్రాహకాలు ఊపిరిని నడిపించే మెదడు కాండంలోనూ, పేగుల గోడల్లోనూ ఉన్నాయి. మోతాదు మించితే శ్వాస మందగించడానికి, మామూలు మోతాదులోనే మలబద్ధకం రావడానికి కారణం ఇదే. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు, ఒంటిని అప్రమత్తంగా ఉంచే నోర్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుంటుంది. ఓపియాయిడ్ దాన్ని అణచి ఉంచుతుంది. వారాల తరబడి అలా అణిగి ఉన్న కణాలు తమ పనితీరును పెంచుకుని, మందు ఉండగానే మళ్లీ మామూలుగా పనిచేసే స్థితికి చేరుకుంటాయి. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపేస్తే అడ్డు తొలగిపోయి నోర్‌ఎడ్రినలిన్ పొంగిపొర్లుతుంది. గుండె దడ, చెమటలు, ఆందోళన, నిద్రలేమి మొదలవుతాయి. ఆగకుండా ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, ఒళ్లంతా పీకులు వాటికి తోడవుతాయి.

దీన్నే శారీరకంగా ఆధారపడటం అంటారు. కొన్ని వారాలు క్రమం తప్పకుండా ఓపియాయిడ్ వాడిన ఎవరికైనా ఎంతో కొంత వస్తుంది. ఇందులో వాళ్ల తప్పు గానీ, మనోబలం తక్కువ కావడం గానీ లేదు. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నవారు కూడా దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, మరి వాళ్లను వ్యసనపరులని ఎవరూ అనరు కదా. అదే మోతాదుకు మునుపటంత ఉపశమనం దొరక్కపోవడం ఇంకో పరిణామం. వ్యసనం ఈ రెంటికీ భిన్నమైన జబ్బు. నెలకిచ్చిన మాత్రలు ఇరవై రోజులకే అయిపోవడం, ఒక డాక్టరుకు చెప్పకుండా ఇంకో డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవడం, నొప్పి లేని రోజున కూడా దిగులు పోవడానికో నిద్ర పట్టడానికో వేసుకోవడం, ఉద్యోగమో ఇల్లో దెబ్బతింటున్నా మానలేకపోవడం దాని గుర్తులు. గతంలో మద్యం, ఇతర మత్తు వ్యసనాలు ఉన్నవారికి, కుటుంబంలో అలాంటి చరిత్ర ఉన్నవారికి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. డాక్టరు ఈ ప్రశ్నలు అడిగితే అవమానంగా తీసుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పడం రోగికే మేలు.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే పద్ధతి చాలామందికి తెలియదు, అందుకే భయం. ఇంజెక్షన్ అక్కర్లేదు, మామూలు మాత్రే. పెద్దవాళ్లకు, బలహీనంగా ఉన్నవాళ్లకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో, మిగిలినవారికి 5 నుంచి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మాత్ర ప్రభావం సుమారు 4 గంటలే కాబట్టి పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6 గంటలకు ఒక్కో మోతాదు, రాత్రి 10 గంటలకు రెట్టింపు మోతాదు ఇస్తారు, మధ్యలో నిద్ర లేపనక్కర్లేకుండా. నొప్పి వచ్చాక వేసుకుందామని ఆగితే మళ్లీ అదుపులోకి తేవడం కష్టమవుతుంది. గడియారం చూసి వేసుకోవాల్సిన మందు ఇది. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు అదనంగా ఇస్తారు. ఇలాంటివి రోజుకు మూడు నాలుగుసార్లు అవసరమవుతుంటే మోతాదు పెంచాల్సి ఉందని అర్థం.

మొదటి మూడు నాలుగు రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, పేగు ఈ మందుకు అలవాటు పడదు. అందుకే మొదటి మాత్ర రోజు నుంచే రాత్రికి బైసాకోడిల్ గానీ సెన్నా గానీ విరేచనం మాత్రగా రాస్తారు. ఇసబ్‌గోల్ ఒక్కటే వాడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. నీళ్లు తక్కువ తాగే రోగిలో, కదలిక మందగించిన పేగులో అది ముద్దకట్టి అడ్డుపడవచ్చు. మలం గట్టిపడి కడుపుబ్బరం, వాంతులు వచ్చి "మార్ఫిన్ పడలేదు" అని మానేసే సందర్భాల్లో సాధారణంగా తప్పిపోయింది ఈ విరేచనం మాత్రే.

మార్ఫిన్ దొరకడమే కష్టమన్న మాట నిన్నమొన్నటి వరకు నిజం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండే దేశం మనది. అయినా మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక, కఠిన శిక్షలకూ రకరకాల లైసెన్సులకూ జడిసి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. పన్నెండేళ్లలో దేశంలో దాని వైద్య వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. 2014 సవరణతో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ వంటి మందులకు దేశమంతటా ఒకే రకం నిబంధనలు వచ్చాయి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు వాటిని నిల్వ ఉంచుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పాలియేటివ్ విభాగం, అంటే నొప్పినీ బాధనూ తగ్గించే విభాగం, ఉంది. తెలంగాణ జిల్లాల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. క్యాన్సర్ నొప్పితో ఉన్నవారిని అలాంటి చోటుకు తీసుకెళ్లకుండా "భరించు" అనడం క్రూరత్వం.

ఇక మోకాళ్లు, నడుము. ఇక్కడ లెక్క వేరు. 2018లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 240 మంది మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. అందరికీ దీర్ఘకాలంగా నడుము నొప్పో, మోకాలు లేదా తుంటి కీలు అరుగుదలో ఉంది. సగం మందికి మార్ఫిన్, ఆక్సికోడోన్ లాంటివి, మిగతా సగానికి పారాసెటమాల్, మామూలు వాపు మందులతో మొదలుపెట్టి ఇచ్చారు. ఏడాది తర్వాత రోజువారీ పనులు చేసుకోవడంలో రెండు గుంపులకూ తేడా లేదు. నొప్పి తీవ్రత రెండో గుంపులోనే కాస్త తక్కువ, దుష్ఫలితాలు మొదటి గుంపులో ఎక్కువ. ఈ రెండో గుంపుకు కూడా ఆఖరి మెట్టుగా ట్రామడాల్ అందుబాటులో ఉంచారు, కానీ అంతదాకా వెళ్లాల్సి వచ్చింది కొద్దిమందికే.

ట్రామడాల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి. పారాసెటమాల్‌తో కలిపిన మాత్రలో సాధారణంగా 37.5 మిల్లీగ్రాముల ట్రామడాల్, 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటాయి. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ట్రామడాల్‌ను అసలు ఓపియాయిడ్ రూపంలోకి మారుస్తుంది. ఆ ఎంజైమ్ అందరిలో ఒకేలా పనిచేయదు. అందుకే ఒకే మాత్ర ఒకరికి ఏమీ చేయదు, ఇంకొకరికి కళ్లు తిప్పేస్తుంది. పైగా ఇది మెదడులో సెరొటోనిన్, నోర్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలను కూడా పెంచుతుంది. డిప్రెషన్‌కు ఫ్లుఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి వేసుకునేవారికి దీన్ని కలిపితే వణుకు, జ్వరం, గందరగోళంతో ప్రాణం మీదకు రావచ్చు. మూర్ఛ జబ్బు ఉన్నవారికి అసలు మంచిది కాదు, లేనివారికి కూడా ఎక్కువ మోతాదులో ఫిట్స్ తెప్పించగలదు. రోజుకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠం. 75 ఏళ్లు దాటినవారికి 300, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి 200. 2018లో దీన్ని కూడా ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు.

అన్నిటికంటే ప్రమాదం కలయికల్లో ఉంది. నిద్రకు అల్ప్రజోలం, నరాల నొప్పికి ప్రీగాబలిన్, సాయంత్రం రెండు పెగ్గులు, వీటికి తోడు ఓపియాయిడ్. ఒక్కొక్కటిగా పెద్ద హాని చేయని మోతాదులే అన్నీ కలిసి నిద్రలో ఊపిరిని ఆపేయగలవు. లేపినా లేవకపోవడం, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, గురక పెడుతున్నట్టు గరగర, ఇవి కనిపిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. నొప్పికి ఓపియాయిడ్ ప్యాచ్ అంటించుకునేవారు దాని మీద వేడినీళ్ల సంచీ పెట్టకూడదు. వేడికి చర్మంలోంచి మందు వేగంగా రక్తంలోకి దిగిపోతుంది.

మరి రోజూ మూడు నాలుగు ట్రామడాల్ మాత్రలు వేసుకుంటున్నవారు ఎలా తగ్గించుకోవాలి? అన్నీ ఒక్కరోజున పారేయడం ఖచ్చితంగా తప్పు. ఆపిన 12 నుంచి 48 గంటల్లో బాధలు మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమై, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. ఒంట్లో విద్యుత్తు కొట్టినట్టు జివ్వుమనడం ట్రామడాల్‌లో అదనం. ఆ సమయంలో మోకాలి నొప్పి కూడా ముందుకంటే ఎక్కువగా అనిపిస్తుంది. "చూశారా, మాత్ర లేకపోతే జబ్బు ముదిరిపోతోంది" అని మళ్లీ మొదలుపెట్టేది అప్పుడే. కానీ అందులో చాలా భాగం మందు దిగిపోవడం వల్ల పుట్టిన నొప్పి. కీలు మూడు రోజుల్లో కొత్తగా అరిగిపోదు.

కొద్ది నెలలుగా వాడుతున్నవారికి వారానికోసారి మొత్తం మోతాదులో పదో వంతు చొప్పున, ఏడాదికి మించి వాడినవారికి నెలకోసారి పదో వంతు చొప్పున తగ్గించడం సాధారణ పద్ధతి. మాత్రలతో అంత సన్నగా తగ్గించడం కుదరనప్పుడు ఒక మాత్ర తీసేసి, మిగిలినవాటి మీద ఎక్కువ రోజులు నిలదొక్కుకోనిస్తారు. ముందు మధ్యాహ్నం మాత్ర తీసేసి, రాత్రిది ఆఖరికి ఉంచితే నిద్ర చెడదు. కష్టమైతే ఆ మెట్టు మీదే ఇంకో రెండు మూడు వారాలు ఆగవచ్చు, వెనక్కి మాత్రం వెళ్లకుండా చూసుకోవాలి. ఇదంతా మందు రాసిన డాక్టరుతో మాట్లాడి చేయాల్సిన పని. మర్చిపోకూడని సంగతి ఒకటుంది. కొన్ని వారాలు ఆపాక శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. నొప్పి ఎక్కువైందని మునుపు వేసుకున్నన్ని మాత్రలు ఒకేసారి వేసుకోవడం అప్పుడు చాలా ప్రమాదం.

తగ్గించిన చోట ఇంకేదో పెట్టకపోతే నిలబడదు. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ ఒక్కో పూటకు 4 గ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు రాయవచ్చు, చాలామంది బఠాణీ గింజంత రాసి పని చేయలేదంటారు. అదే మందు మాత్రల రూపంలో నెలల తరబడి మింగితే కిడ్నీలకు చేటు. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల్లో దీన్ని మరింత గట్టిగా చెప్పాలి. మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండే నరాల నొప్పికి రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ గానీ, డులోక్సెటిన్ గానీ ఓపియాయిడ్ కంటే ముందు ప్రయత్నించాల్సినవి.

తొడ ముందరి కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా అడుగు ఎత్తు లేపి ఐదు సెకన్లు ఆపాలి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఆరు నుంచి పన్నెండు వారాలకు గానీ ఫలితం తెలియదు, రెండో వారంలోనే వదిలేసేవారు ఎక్కువ. ఇంకో పొరపాటు, నొప్పి తగ్గిన రోజున పేరుకుపోయిన పనులన్నీ మీదేసుకోవడం, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం, మళ్లీ మాత్ర. వంటగదిలో 20 నిమిషాలు నిలబడితే నడుము పట్టేస్తుందనుకోండి. 15 నిమిషాలకే, నొప్పి రాకముందే కూర్చోవాలి. బాగున్న రోజైనా బాగోలేని రోజైనా అదే 15. వారం తర్వాత రెండు నిమిషాలు పెంచాలి. ఇంట్లో మిగతావాళ్లు ఆ సగం కోసిన కూరగాయల పళ్లెం అందుకుంటే ఈ పద్ధతి నడుస్తుంది, లేకపోతే నడవదు.

మందు తన చేతుల్లోంచి జారిపోయిందని, వ్యసనంగా మారిందని అనిపించినవారికి దాన్ని నయం చేసే మార్గాలు ఉన్నాయి. బుప్రినార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టి డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చే చికిత్స వాటిలో ముఖ్యమైనది. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, రెండూ ఉచితం. అక్కడికి వెళ్లినంత మాత్రాన అసలు నొప్పికి వైద్యం ఆగిపోకూడదు. రెండూ ఒకే డాక్టరు చూసేలా, లేదా ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మొదటి రోజే అడిగి ఏర్పాటు చేసుకోవాలి.